నల్లమల కొండలు, అమ్రాబాద్ పీఠభూమి: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి నల్లమలకు పోదామనుకునేవాళ్లు ఎప్పుడూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. ప్రతిసారీ ఫోన్‌లో చెప్పే బదులు ఒక్కచోట రాసి పెట్టాను. ప్రశ్నలు మీరు అడిగే మాటల్లోనే ఉన్నాయి. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి, కావాల్సింది చూసుకుని మిగతావి వదిలేయొచ్చు.

## పేర్లు, హద్దుల దగ్గర వచ్చే సందేహాలు

నల్లమలలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం ఏది? మన దిక్కే ఉందా?

మన దిక్కు లేదు. భైరాని కొండ సుమారు 1,100 మీటర్లు, గుండ్ల బ్రహ్మేశ్వరం 1,048 మీటర్లు. రెండూ కృష్ణకు దక్షిణాన, ఆంధ్రప్రదేశ్‌లో, కంభం పట్టణానికి వాయవ్యంగా ఉంటాయి. వాటి చుట్టుపక్కల 800 మీటర్లు దాటిన కొండలు ఇంకా చాలా ఉన్నాయి.

తెలంగాణ వైపున్నది అమ్రాబాద్ పీఠభూమి. ఇక్కడ సూదిగా లేచిన శిఖరాన్ని వెతికితే దొరకదు. పైకి చేరాక నేల ఎగుడుదిగుడుగా, కాస్త వాలుగా మైళ్ల కొద్దీ సాగిపోతుంది. ఫరహాబాద్ చుట్టూ ఉన్న మిట్టలు ఈ వైపు బాగా ఎత్తైనవే, కానీ అక్కడ నిలబడి "ఇదే శిఖరం" అని వేలు పెట్టి చూపించలేం. శిఖరం లేదని నిరాశపడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఈ కొండల గొప్పదనం వాటి అంచుల్లో, లోయల్లో ఉంది. సలేశ్వరం, మల్లెల తీర్థం, లొద్ది మల్లయ్య... పేరున్న చోట్లలో చాలావాటికి కిందికి దిగే చేరుకోవాలి.

నల్లమల అంటే కృష్ణా పెన్నా నదుల మధ్య కొండలు అని పుస్తకంలో ఉంది. మరి కృష్ణకు ఇవతల ఉన్న అమ్రాబాద్ నల్లమల ఎట్లా అవుతుంది?

పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. భూగోళ పుస్తకాలు గీసే గీత ప్రకారం నల్లమల ఉత్తరపు హద్దు కృష్ణ. ఆ లెక్కన అమ్రాబాద్ హద్దుకు బయటే ఉంటుంది. కొన్ని మ్యాపుల్లో "అమ్రాబాద్ కొండలు" అని విడిగా రాసేది అందుకే.

కానీ ఏటి ఒడ్డున నిలబడి చూస్తే ఆ గీత కనిపించదు. శ్రీశైలం గట్టున ఏ రాతి పొరలు ఉన్నాయో ఇవతలి దోమలపెంట గట్టున కూడా అవే ఉన్నాయి. ఒకే రాతి పీఠాన్ని కృష్ణ నిలువునా కోసుకుంటూ పోయింది. అడవి ఒకటే, పులులు ఒకటే, రెండు గట్ల మీదా చెంచులే. జనం, అటవీ శాఖ, పత్రికలు రెండు వైపులనూ నల్లమల అనే అంటాయి. పరీక్షలో అడిగితే పుస్తకంలో ఉన్నది రాయండి. మాటల్లో మాత్రం అచ్చంపేట వాళ్లను "మీది నల్లమల కాదు" అనకండి, మంచి నీళ్లు కూడా పుట్టవు.

నల్గొండ ఊళ్లో ఉన్న గుట్టలు, భువనగిరి గుట్ట కూడా నల్లమలలో భాగమేనా?

కాదు. నల్గొండ పట్టణానికి అటూ ఇటూ ఉన్న లతీఫ్‌సాబ్ గుట్ట, కాపురాల గుట్ట, భువనగిరి కోట ఉన్న ఏకశిల, దేవరకొండ కోట చుట్టూ ఉన్న ఏడు కొండలు, పాలమూరు దిక్కు కోయిల్‌కొండ, ఖిల్లా ఘనపురం, మన్యంకొండ... ఇవన్నీ గ్రానైటు జాతి రాతి గుట్టలు. ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. చుట్టూ ఉన్న మెత్తటి భాగం అరిగి కొట్టుకుపోతే గట్టి రాయి మాత్రం విడివిడిగా నిలబడింది. అందుకే చదును నేల మీద ఎక్కడో ఒక్క గుట్ట, మళ్లీ కొన్ని మైళ్ల దాకా ఏమీ ఉండదు.

నల్లమలది వేరే కథ. ఒకప్పుడు సముద్రపు అడుగున ఇసుక పొరలు పొరలుగా పేరుకుని రాయి అయింది. అది క్వార్ట్‌జైట్, పలుగురాయి జాతి. ఆ పొరలు గ్రానైటు నేల మీదే కూర్చున్నాయి, అంటే నల్గొండ గుట్టల జాతి రాయే నల్లమల కింద పునాది. దూరం నుంచి తేడా పట్టడం తేలిక: గ్రానైటు గుట్ట తల గుండ్రంగా ఉండి, మీద బండలు దొర్లిపోతాయేమో అన్నట్టు కనిపిస్తాయి. నల్లమల అంచు అడ్డంగా, సమంగా గీత గీసినట్టు ఉంటుంది.

తెలంగాణలో ఎత్తైన చోటు నల్లమలలోనే ఉందని విన్నాం, నిజమేనా?

కాదు. తెలంగాణలో ఎత్తైన చోటుగా చెప్పేది ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని డోలిగుట్ట, 965 మీటర్లు.

ఇది మహబూబ్‌నగర్ జిల్లానా, నాగర్‌కర్నూలా, నల్గొండనా?

2016 అక్టోబరు దాకా అమ్రాబాద్, అచ్చంపేట ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో ఉండేవి. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. పులుల అభయారణ్యం నల్గొండ జిల్లాలోకి కూడా వస్తుంది. దేవరకొండ, చందంపేట వైపు అడవి, సాగర్ నీళ్ల అంచు దానిలోవే. పాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మధ్య చాలా దూరం డిండి వాగే హద్దు.

## బయలుదేరే ముందు

కొండ మీద ఊటీ లెక్క చల్లగా ఉంటుందా?

ఉండదు. ఎత్తు 100 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 0.65 డిగ్రీ తగ్గుతుంది. కింది మైదానానికీ పైనున్న పీఠభూమికీ ఎత్తు తేడా కొన్ని వందల మీటర్లే కాబట్టి రెండు మూడు డిగ్రీలకు మించి చల్లదనం రాదు. పైగా ఇది ఆకురాల్చే అడవి. మార్చి తర్వాత టేకు, తునికి, నల్లమద్ది చెట్లు మోడులై నీడ కూడా ఉండదు, రాయి సెగ కక్కుతుంది. ఎండాకాలం చల్లదనం కోసం అయితే రావద్దు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. వానల తర్వాత వెంటనే వస్తే పచ్చదనం, నీళ్లు రెండూ చూడొచ్చు.

ట్రెక్కింగ్ చేయొచ్చా? టెంట్ వేసుకుని పైన పడుకోవచ్చా?

సొంతంగా కుదరదు. ఇది పులుల అభయారణ్యం. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పేరుతో ప్రాజెక్ట్ టైగర్‌లోకి వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపల తిరగడం నేరం. అటవీ శాఖ వాళ్లు మన్ననూర్ దగ్గర బస, సఫారీ నడుపుతున్నారు. వాళ్లు తీసుకుపోయిన దారినే పోవాలి. వీడియోలు చూసి "ఏదో దొడ్డిదారి ఉందంట కదా" అని అడిగేవాళ్లు చాలామంది. ఉన్నా నేను చెప్పను. పులి సంగతి పక్కన పెట్టండి, ఈ అడవిలో మనిషికి ఎదురయ్యే పెద్ద ప్రమాదం ఎలుగుబంటి. అది అలికిడి విని పారిపోయే రకం కాదు.

ఏ దారిన పోవాలి? గేటు ఎప్పుడు మూస్తారు?

హైదరాబాద్ నుంచి 765 నంబరు జాతీయ రహదారి మీద కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, డిండి, హాజీపూర్ మీదుగా మన్ననూర్. నల్గొండ వాళ్లకు దేవరకొండ, డిండి దారి దగ్గర. పాలమూరు వాళ్లు నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా వస్తారు. మన్ననూర్, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. తొమ్మిదికి అయిదు నిమిషాల ముందు చేరుదాం అనే లెక్క పెట్టుకోకండి. ఆ టెన్షన్‌లో అడవిలో స్పీడు పెంచితే రోడ్డు దాటే జింకలు, దుప్పులు బలైపోతాయి. పెట్రోలు కిందే పోయించుకోండి. సిగ్నల్ చాలాచోట్ల అందదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

కాగితం మ్యాపు ఏదైనా దొరుకుతుందా? దేంట్లో చూస్తే కొండలు సరిగ్గా అర్థమవుతాయి?

సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల టోపోషీట్లు (నేల ఎత్తుపల్లాలను గీతలతో చూపే మ్యాపులు) చూడండి. పాత నంబర్ల ప్రకారం అమ్రాబాద్, దేవరకొండ 56 ఎల్ కిందికి, నాగార్జునసాగర్ 56 పి కిందికి వస్తాయి. 1:50,000 స్కేలు షీటులో ప్రతి 20 మీటర్ల ఎత్తుకు ఒక గీత ఉంటుంది. గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరగా ఉంటే అది నిట్టనిలువు అంచు. దూరం దూరంగా ఉంటే చదును నేల. అమ్రాబాద్ భాగం చూస్తే మీకే అర్థమవుతుంది: అంచు చుట్టూ గీతలు గుట్టలుగా పడి ఉంటాయి, నడిమధ్య ఖాళీగా ఉంటుంది.

ఫోన్‌లో చూపించే ఎత్తు, బోర్డు మీద రాసిన ఎత్తు కలవడం లేదేంటి?

రెండు కారణాలు. మొదటిది: గుట్ట ఎత్తు సముద్రమట్టం నుంచా, గుట్ట మొదలు నుంచా అన్నది చెప్పకుండా అంకె ఒక్కటే రాస్తారు. భువనగిరి గుట్ట 500 అడుగులు అంటే అది మొదలు నుంచి. భైరాని కొండ 1,100 మీటర్లు అంటే సముద్రమట్టం నుంచి. ఈ రెండింటినీ పోల్చకూడదు.

రెండోది ఫోన్‌కు సంబంధించింది. జీపీఎస్ ఎత్తును నిజమైన సముద్రమట్టం నుంచి కాకుండా, భూమికి ఊహించి గీసిన ఒక నున్నటి ఆకారం నుంచి కొలుస్తుంది. మన ప్రాంతంలో ఆ రెండింటికీ 70–80 మీటర్ల తేడా ఉంది. కొన్ని యాప్‌లు దీన్ని సరిచేసి చూపిస్తాయి, కొన్ని చేయవు. సరిచేయని యాప్‌లో ఎత్తు అంత తక్కువగా కనిపిస్తుంది.

## ఘాట్ ఎక్కుతూ

హాజీపూర్ దాటాక రోడ్డు పక్కన పొరలు పొరలుగా కనిపించే రాయి ఏంటి?

అదే క్వార్ట్‌జైట్. రోడ్డు కోసం కొండను కోసిన చోట జొన్నరొట్టెలు దొంతర పెట్టినట్టు పొరలు కనిపిస్తాయి. పొరలు దాదాపు అడ్డంగానే ఉన్నాయి చూడండి, ఎక్కువ వంపులు లేవు. ఉత్తర నల్లమల పైన చదునుగా ఉండడానికి ఇదే కారణం. కృష్ణకు అవతల, ఇంకా దక్షిణానికి పోతే ఇలాంటి రాళ్లే భూమి ఒత్తిడికి నలిగి మడతలు పడ్డాయి. మడత మీద మడత పడ్డ చోట పొడవాటి వరుస కొండలు, వాటి మీద శిఖరాలు ఏర్పడ్డాయి. భైరాని కొండ పేరుతోనే అక్కడి రాతికి బైరెన్‌కొండ క్వార్ట్‌జైట్ అని భూగర్భ శాస్త్రవేత్తలు పేరు పెట్టుకున్నారు. శిఖరాలు అటు, పీఠభూమి ఇటు ఎందుకొచ్చాయో ఈ ఒక్క తేడాతో తేలిపోతుంది.

బండి పక్కకు ఆపగలిగే చోటు దొరికితే రాలిపడ్డ పలకనొకదాన్ని తిప్పి చూడండి. విరిగిన అంచు పంచదార గడ్డలా తళుక్కుమంటుంది. కొన్ని పలకల మీద వేలి వెడల్పులో చిన్న చిన్న అలలు అచ్చు పడి ఉంటాయి. వంద కోట్ల ఏళ్లకు పైబడిన కిందట లోతు తక్కువ నీళ్లు ఇసుక మీద ఆడిన గుర్తులవి. వేళ్లతో తడిమితే గరుకు తెలుస్తుంది. చూసి అక్కడే పెట్టేయండి, బండిలో వేసుకోకండి.

ఉమామహేశ్వరం శిఖరం మీద ఉందా, కొండ మధ్యలోనా?

మధ్యలో. రంగాపూర్ దగ్గర పీఠభూమి అంచు మైదానంలోకి తెగిపడే చోట, వేలాడే బండ కింద గుడి ఉంది. కింద భోగమహేశ్వరం, పైన ఉమామహేశ్వరం. బండ పగుళ్లలోంచి నీళ్లు ఊరి పాపనాశనంలో పడుతుంటాయి. పైనున్న పీఠభూమిలో ఇంకిన వాన నీరు ఈ అంచుకొచ్చి బయటపడుతుంది. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఇది. అందులో రెండు పాత పాలమూరు జిల్లావే.

మన్ననూర్ దగ్గర కొండ మీద కోట గోడ కనిపిస్తుంది, ఎవరిది?

ప్రతాపరుద్రుని కోట అంటారు. ఎందుకు అక్కడే కట్టారో నేలను చూస్తే తెలుస్తుంది: కింది మైదానం నుంచి శ్రీశైలం దారి పీఠభూమిలోకి అడుగుపెట్టేది అక్కడే.

## పైకి చేరాక

ఘాట్ ఎక్కినాక పొలాలు, ఊళ్లు కనిపిస్తున్నాయి. అడవి ఎక్కడ?

పీఠభూమికి రెండు అంతస్తులు ఉన్నాయి. ఈశాన్యాన ఉన్నది దిగువ అంతస్తు: అమ్రాబాద్, పదర వైపు. అక్కడ మట్టి ఉంది, చెరువులున్నాయి, సాగు చాలా కాలంగా ఉంది. నైరుతికి పోతే ఎగువ అంతస్తు: ఫరహాబాద్, అప్పాపూర్ వైపు. అక్కడ మట్టి పలుచన, రాయి ఎక్కువ. సేద్యం నిలవని చోట అడవి నిలిచింది. చెంచుల పెంటలు (వాళ్ల గూడేలు) ఎక్కువగా ఉన్నది ఈ ఎగువ భాగంలోనే.

పెంటల్లోకి పోయి చెంచులను కలవొచ్చా? ఫొటోలు తీసుకోవచ్చా?

ఫొటోల కోసం అయితే పోకండి. చెంచులు ప్రత్యేకించి బలహీనమైన ఆదివాసీ సమూహాల జాబితాలో ఉన్నారు. లోపలి పెంటలకు పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. అనుమతి దొరికినంత మాత్రాన ఎవరి గుడిసె ముందైనా ఫోన్ ఎత్తొచ్చని కాదు. మన ఇంటి ముందు తెలియనివాళ్లు కెమెరా పట్టుకుని నిలబడితే ఊరుకుంటామా? తేనె లాంటివి కొనాలనుకుంటే గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరుకుతాయి. సఫారీ, బస దగ్గర పని చేసేవాళ్లలో చెంచు యువకులు ఉంటారు. అడవి గురించి అడగాల్సింది వాళ్లనే. ఏ గుండంలో ఎండాకాలం కూడా నీళ్లుంటాయో, ఏ చెట్టు తొర్రలో ఏముందో వాళ్లు చెప్పినట్టు ఏ మ్యాపూ చెప్పదు.

సలేశ్వరం ఎప్పుడైనా పోవచ్చా? నడక కష్టమా?

ఇది లోయ అడుగున ఉన్న శివుడి క్షేత్రం, జనం లింగమయ్య అంటారు. ఎప్పుడుపడితే అప్పుడు పోనివ్వరు. చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులే తెరుస్తారు. ఏటేటా రోజుల లెక్క మారుతుంది కాబట్టి ఆ ఏడు ప్రకటన చూసుకుని బయలుదేరండి. ఫరహాబాద్ గేటు నుంచి లోపలికి రాంపూర్ పెంట వైపు బండ్లు పోతాయి, తర్వాత నడక.

కష్టం దూరంలో లేదు, దిగుడులో ఉంది. చదునుగా నడుస్తూ నడుస్తూ ఉంటే ఒక్కసారి నేల తెగిపోతుంది. ఎదురుగా గోడలా ఇంకో కొండ, మధ్యలో పాతాళంలా లోయ. దారి బండ అంచును పట్టుకుని వాలుగా దిగుతుంది. కొన్నిచోట్ల ఒక్కరు మాత్రమే పట్టే సందు. ఒక చేత్తో రాతి గోడ, ఇంకో చేత్తో వెదురు కర్ర పట్టుకుని ఒకరి వెనుక ఒకరు కదులుతారు. దిగేవాళ్లు "వస్తున్నాం లింగమయ్యా" అని అరుస్తారు, ఎక్కేవాళ్లు "పోయొస్తం లింగమయ్యా" అని బదులిస్తారు. అడుగున మధ్యాహ్నం కూడా ఎండ సరిగ్గా పడదు. ఏప్రిల్ ఎండలో చెమట కక్కుతూ దిగినవాళ్లకు పైనుంచి పడే ధార ఒళ్లు జివ్వుమనిపిస్తుంది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చిన్న పిల్లలున్నవాళ్లు బాగా ఆలోచించుకోండి. దిగింది మళ్లీ ఎక్కాలి, పైగా ఎండ ముదిరాక. చెప్పుల కంటే బూట్లు మేలు. ఒక్కొక్కరు రెండు లీటర్ల నీళ్లన్నా పెట్టుకోవాలి. ఖాళీ సీసాలు మాత్రం వెనక్కి తెచ్చేయండి.

మల్లెల తీర్థంలో ఏడాది పొడవునా నీళ్లుంటాయా?

వానాకాలంలో, ఆ తర్వాత కొన్ని నెలలు బాగుంటాయి. ఎండాకాలం ధార సన్నబడిపోతుంది. వటవర్లపల్లి దగ్గర రోడ్డు దిగి లోపలికి పోవాలి, అక్కణ్ణుంచి సుమారు 350 మెట్లు కిందికి.

కృష్ణ ఎంత లోతులో పారుతోంది? పైనుంచి కనిపిస్తుందా?

శ్రీశైలం జలాశయం నిండా ఉన్నప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు, అంటే సుమారు 270 మీటర్లు. దిగువన సాగర్ నిండితే 590 అడుగులు, సుమారు 180 మీటర్లు. ఈ రెండు మట్టాలనూ కొలబద్దగా పెట్టుకోండి: మ్యాపులో మీరున్న చోటి ఎత్తులోంచి తీసేస్తే కృష్ణ ఎంత కిందుందో వచ్చేస్తుంది. పీఠభూమి అంచున చాలాచోట్ల ఆ తేడా కొన్ని వందల మీటర్లు. దోమలపెంట దగ్గర ఆక్టోపస్ వ్యూ పాయింట్ నుంచి బాగా కనిపిస్తుంది. నీళ్లు అన్ని లోయల్లోకీ చేతులు చాపి పాకి ఉంటాయి, ఆ పేరు అందుకే. ఆ చేతులన్నీ జలాశయం కట్టకముందు వాగులు కృష్ణలో కలిసిన లోయలు.

## తిరిగొచ్చాక అడిగేవి

శ్రీశైలం నీళ్లు నల్గొండకు తేవడానికి కొండను తొలవడం ఎందుకు? చుట్టూ కాల్వ తవ్వొచ్చు కదా?

జలాశయానికీ నల్గొండ పొలాలకూ మధ్య అమ్రాబాద్ పీఠభూమి అడ్డంగా నిలబడి ఉంది. నీటిని దాని మీదికి ఎత్తాలంటే కరెంటు ఖర్చు విపరీతం. కింది నుంచి సొరంగం వేస్తే నీళ్లు వాలుకు వాటంతటవే వస్తాయి. ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాల్వ) సొరంగం ఆలోచన ఇదే. పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. మామూలుగా ఇంత పొడవు సొరంగానికి మధ్యలో పక్కదారులు తవ్వి నాలుగైదు చోట్ల పని నడుపుతారు. ఇక్కడ పైన పులుల అడవి కాబట్టి ఆ వీలు లేక, రెండు చివర్ల నుంచే యంత్రాలతో తొలుచుకుంటూ వచ్చారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. పైనుంచి చూస్తే ఈ కొండ గట్టి పలక. లోపల మాత్రం పగుళ్లు, వాటిల్లో నీళ్లు, నలిగిన రాయి ఉన్న చోట్లున్నాయి.

యురేనియం గొడవ ఈ కొండల్లోనేనా? అది శిఖరాల్లో ఉందా, కిందనా?

ఈ కొండల్లోనే. క్వార్ట్‌జైట్ పొరలు పాత గ్రానైటు మీద కూర్చున్న అతుకు దగ్గర యురేనియం చేరింది. నల్గొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల పేర్లు మీరు వినే ఉంటారు. అక్కడ పైపొర పలుచబడి ఆ అతుకు నేలకు దగ్గరగా వస్తుంది. అమ్రాబాద్ వైపు కూడా అన్వేషణకు ప్రయత్నం జరిగినప్పుడు పెద్ద ఎత్తున నిరసనలు వచ్చాయి. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. పైనున్న వాగులన్నీ చివరికి కృష్ణలోకే పోతాయి కాబట్టి ఇది అడవిలో ఉన్నవాళ్ల సమస్య మాత్రమే కాదు. సాగర్ నీళ్లు తాగే ఊళ్లన్నిటిదీ.

పిల్లలకు ఒక్కరోజులో గ్రానైటు గుట్ట, నల్లమల అంచు రెండూ చూపించాలి. ఎట్లా?

దేవరకొండ నుంచి మొదలుపెట్టండి. పొద్దున్నే కోట ఎక్కి, గుండ్రటి బండలను, వాటిని కలుపుతూ కట్టిన గోడలను చూపించండి. దిగి డిండి మీదుగా హాజీపూర్ రండి. దక్షిణాన అడ్డంగా సాగిన అంచు కనిపించేసరికి "ఇందాకటి గుట్టలకూ దీనికీ తేడా ఏంటి?" అని వాళ్లనే అడగండి. తర్వాత ఉమామహేశ్వరం పోయి బండ కిందికి తీసుకెళ్లి పొరలను తాకించండి. గుడి దగ్గర కోతులున్నాయి, తిండి సంచులు బండిలోనే పెట్టండి. సాయంత్రానికల్లా తిరిగి దేవరకొండ చేరొచ్చు, మన్ననూర్ గేటు దాటే పని కూడా లేదు.